కుక్కా పిల్లీ ఉన్న ఇంటికి డాక్టర్ ఖర్చు ఎంత? విశాఖలో పదే పదే అడిగే ప్రశ్నలు

కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్నవాళ్ళూ, మేడమీద పిల్లి పిల్లల్ని పెట్టిపోతే చేసేది లేక పెంచుతున్నవాళ్ళూ, బదిలీ మీద విశాఖ వచ్చి ఇక్కడి రేట్లు తెలియనివాళ్ళూ అడిగేవి దాదాపు ఒకే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. జబ్బు చేశాక అయ్యే ఖర్చు కంటే, జబ్బు రాకుండా ఏటా పెట్టే ఖర్చు గురించే ఇందులో ఎక్కువ ఉంటుంది. రాసింది డాక్టర్ కాదు, ఇంట్లో జంతువుల్ని పెంచుకుంటూ లెక్కలు రాసుకునే మనిషి. రూపాయల అంకెలన్నీ బడ్జెట్ కోసం వేసుకున్న అంచనాలు. మీ క్లినిక్‌లో ధర కనుక్కుని మీ అంకె వేసుకోండి. మందు ఏది, ఎంత అన్నది మాత్రం డాక్టర్‌గారు చెప్పాల్సిందే.

## ఇంటికి తెచ్చే ముందు

కుక్కపిల్లని ఊరికే ఇస్తున్నారు. ఇంకేం ఖర్చుంటుంది?

ఊరికే వచ్చిన పిల్లకైనా, పాతిక వేలు పోసి కొన్న పిల్లకైనా మొదటి ఏడాది టీకాల ఖర్చు ఒక్కటే. తిండి కాకుండా టీకాలు, నులిపురుగుల మందులు, పిడుదుల మందు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కలిపి కుక్కపిల్లకి మొదటి ఏడాది 18,000 దాకా, పిల్లిపిల్లకి 11,000 దాకా పక్కన పెట్టుకోవాలి. ఇందులో టీకాల ఖర్చు దాదాపు అంతా మొదటి నాలుగైదు నెలల్లోనే అయిపోతుంది. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి "నెలకి పదిహేను వందలే కదా" అనుకుంటే మూడో వారంలోనే చేతిలో డబ్బు చాలదు.

నాటు కుక్కకి రోగాలు రావంటారు కదా, దానికీ ఇన్ని టీకాలా?

వీధిలో పుట్టి పెద్దదైన నాటు కుక్కని చూసి అలా అనుకుంటాం. పార్వో (పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) వచ్చి చచ్చిపోయిన దాని తోడబుట్టినవి మన కంటికి కనబడవు. పార్వోకీ, ఇంకో ప్రాణాంతక వైరస్ జబ్బయిన డిస్టెంపర్‌కీ, రేబీస్‌కీ జాతి పట్టింపు లేదు. కాకపోతే నాటు కుక్కతో కలిసొచ్చేది ఒకటుంది: పెద్దయ్యాక పదిహేను, ఇరవై కిలోల దగ్గర ఆగుతుంది. టీకా మోతాదు చిన్న కుక్కకైనా పెద్ద కుక్కకైనా ఒక్కటే గానీ, నులిపురుగుల మాత్ర, పిడుదుల మందు, మత్తుమందు బరువుని బట్టి పెరుగుతాయి. ముప్పై అయిదు కిలోల లాబ్రడార్‌కి పిడుదుల మందు ఖర్చే తేడా చూపిస్తుంది. (విశాఖ ఉక్కపోతలో హస్కీని పెంచుదామనుకునేవాళ్ళకి ఏసీ కరెంటు బిల్లు వేరే పద్దు.)

కుక్కకీ పిల్లికీ దేనికి తక్కువవుతుంది?

పిల్లికి. ఇంట్లోనే ఉండే పెద్ద పిల్లికి ఏడాదికి రెండు వేలలోపు సరిపోవచ్చు. అదే కుక్కకి పది, పన్నెండు వేలు.

అమ్మినవాళ్ళు "రెండు టీకాలు అయిపోయాయి" అన్నారు. నమ్మొచ్చా?

టీకా పుస్తకం చూడండి. వేసిన ప్రతి టీకాకీ సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో టిక్కులు మాత్రమే ఉంటే వేయనట్టే లెక్క. ఇంకో చిన్న పరీక్ష: పిల్ల వయసు నలభై అయిదు రోజులంటూ రెండు టీకాలు అయ్యాయంటే ఆ లెక్క కుదరదు, ఎందుకంటే మొదటిది వేసేదే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. అనుమానం ఉంటే బడ్జెట్‌లో మొత్తం కోర్సు వేసుకోండి. మళ్ళీ వేయించడం వల్ల నష్టం లేదు, వేయించకపోతే ఉంది.

## మొదటి నాలుగు నెలలు

కుక్కపిల్ల మొదటి ఏడాది లెక్క విడివిడిగా చెప్పండి.

ప్రైవేటు క్లినిక్‌లో చూపించే ఆడ నాటు కుక్కపిల్ల అనుకుందాం. కన్సల్టేషన్ అయిదుసార్లు, ఒక్కోసారి 300 చొప్పున 1,500. కంబైన్డ్ టీకా (ఒకే సూదిలో పలు రోగాలకి) మూడు డోసులు, ఒక్కోటి 900 చొప్పున 2,700. రేబీస్ రెండుసార్లు, 600. నులిపురుగుల మందు ఎనిమిదిసార్లకి 480. పిడుదుల మందు పది నెలలకి నెలకి 500 చొప్పున 5,000. ఆపరేషన్‌కి 8,000. మొత్తం 18,280. ఆపరేషన్ తీసేస్తే 10,280.

ఈ లెక్కలో అందరూ మర్చిపోయేది ఆటో ఖర్చు. గాజువాక నుంచి సీతమ్మధార దాకా కుక్కపిల్లని తీసుకెళ్ళి రావాలంటే క్యాబ్‌వాళ్ళు చాలామంది ఎక్కించుకోరు, ఆటోవాళ్ళు ఎక్కువ అడుగుతారు. అయిదుసార్లకి కలిపి ఇంకో రెండు వేలు వేసుకోండి, లేదా మీ ఇంటికి దగ్గర్లో ఉన్న డాక్టర్‌నే ఎంచుకోండి. మామూలు టీకాలకి పేరున్న పెద్ద క్లినిక్కే అక్కర్లేదు.

పిల్లిపిల్లకి?

మూడు రోగాల టీకా మూడు డోసులు, ఒక్కోటి 1,100 చొప్పున 3,300. రేబీస్ ఒకటి 300. కన్సల్టేషన్ నాలుగుసార్లకి 1,200. నులిపురుగుల మందుకి 300. ఆడపిల్లి ఆపరేషన్‌కి 6,000. మొత్తం 11,100. మగపిల్లి ఆపరేషన్ చిన్నది, దానికి 3,500 పెట్టుకుంటే చాలు.

ఒకే టీకా మూడుసార్లు ఎందుకు? ఒకసారి గట్టిగా వేస్తే సరిపోదా?

చాలామంది దీన్ని డాక్టర్ల వ్యాపారం అనుకుంటారు. కారణం తల్లిపాలలో ఉంది. పుట్టగానే తాగిన ముర్రుపాల నుంచి పిల్లకి తల్లి రోగనిరోధక శక్తి వస్తుంది. అది ఉన్నంతకాలం టీకా పనిచేయనివ్వదు. ఆ శక్తి ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గిపోతుంది, ఇంకో పిల్లలో పదిహేనో వారం దాకా ఉంటుంది. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో బయటినుంచి తెలియదు. అందుకే ఆరు–ఎనిమిది వారాలకి మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ, ఆఖరి డోసు పదహారు వారాలు నిండాక పడేలా చూస్తారు. అన్నిట్లోకీ ముఖ్యం ఆ ఆఖరి డోసే. డబ్బు కోసం మానేస్తే ముందు పెట్టిన రెండు డోసుల డబ్బు కూడా గెడ్డలో కలిసినట్టే.

ఏడు రోగాలది, తొమ్మిదిది, పదిది అని రకరకాలు చెప్తున్నారు. ఏది వేయించాలి?

అంకె పెద్దదైతే మంచిదని ఏమీ లేదు. డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ (లివర్ జబ్బు తెచ్చేది) అన్నిట్లోనూ ఉంటాయి. ఆ పైన పెరిగే అంకె ఎక్కువగా లెప్టోస్పైరా రకాలదీ, కొన్నిట్లో కరోనాదీ. ఈ కరోనా కుక్కల పేగులకి వచ్చేది, మనుషుల కోవిడ్‌తో సంబంధం లేదు. దీని టీకా అవసరం లేదని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలు చెప్తున్నాయి. లెప్టో మాత్రం విశాఖలో వదులుకోకూడదు. ఎలుకల మూత్రం నుంచి వచ్చే జబ్బు అది, వానాకాలంలో గెడ్డలు పొంగి వీధుల్లోకి వచ్చే ఊరు మనది, పైగా కుక్క నుంచి మనిషికీ అంటుతుంది. "లెప్టో ఉందా, కరోనా లేనిది ఉందా" అని డాక్టర్‌గారిని అడిగితే రెండు మూడు వందలు మిగలొచ్చు.

పార్వోకి అంత భయపడాలా?

పడాలి. రక్తపు విరేచనాలు, వాంతులు మొదలైన పిల్లని అయిదారు రోజులు సెలైన్ మీద ఉంచాల్సి వస్తుంది, దానికి 15,000 నుంచి 30,000 దాకా చేతిలో పెట్టుకోవాలి. అయినా బతుకుతుందన్న హామీ లేదు. ఆ వైరస్ నేలమీద నెలల తరబడి, నీడ ఉన్నచోట ఏడాది దాకా కూడా బతుకుతుంది. మీ ఇంట్లో ఇంతకుముందు పార్వోతో పిల్ల పోయి ఉంటే, టీకాలు పూర్తికాని ఇంకో పిల్లని వెంటనే అదే ఇంటికి తేవద్దు. మామూలు ఫినాయిల్‌తో అది పోదు, నీళ్ళలో కలిపిన బ్లీచింగ్ కావాలి.

నులిపురుగుల మందు పదిహేను రోజులకోసారి వేయాలా?

మూడు నెలల వయసు వచ్చేదాకా, అవును. తల్లి కడుపులో ఉండగానే, తర్వాత పాల ద్వారానూ కుక్కపిల్లకి ఏలికపాములు వచ్చేస్తాయి, కాబట్టి రెండో వారం నుంచే మొదలుపెడతారు. మూడు నుంచి ఆరు నెలల దాకా నెలకోసారి. ఆ తర్వాత మూడు నెలలకోసారి. మొత్తం బడ్జెట్‌లో ఇంత చవగ్గా ఇంత లాభమిచ్చే పద్దు ఇంకోటి లేదు. ఇంట్లో చిన్నపిల్లలు నేలమీద పాకుతుంటే మరీ ముఖ్యం. మనుషులకి వేసే ఆల్బెండజోల్ ఇంట్లో ఉంది కదా అని సగం విరిచి వేయకండి. కుక్కల్లో, పిల్లుల్లో అది ఎముక మజ్జని దెబ్బతీయగలదు.

మందుల షాపులో టీకా కొని మా తమ్ముడి చేత వేయిస్తే? వాడు కాంపౌండర్.

మిగిలేది కన్సల్టేషన్ ఫీజు మూడు వందలు. పోయేది టీకా పని. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన సీసాని మే నెల ఎండలో హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని ఆటోలో జగదాంబ నుంచి మధురవాడ తెస్తే అందులో ఏం మిగులుతుందో ఎవరూ చెప్పలేరు. తుఫానుకి కరెంటు పోయిన రోజుల్లో షాపు ఫ్రిజ్ సంగతీ అంతే. పైగా టీకా వేసే ముందు డాక్టర్ జ్వరం చూస్తారు, గుండె వింటారు. ఇంట్లో వేస్తే సర్టిఫికెట్ కూడా రాదు.

ఒక డోసు మూడు వారాలు ఆలస్యమైంది. మళ్ళీ మొదటినుంచా?

సాధారణంగా అక్కర్లేదు. ఆగిన చోటినుంచే కొనసాగిస్తారు. పిల్లకి ఇప్పటికే పదహారు వారాలు దాటిపోతే ఇంకా తక్కువ డోసులతో సరిపోవచ్చు. లెప్టోకి మాత్రం రెండు డోసుల మధ్య ఎక్కువ ఎడం వస్తే మళ్ళీ రెండూ వేయాల్సి రావచ్చు.

పెద్ద కుక్కని దత్తత తీసుకున్నాం, పాత వివరాలేవీ లేవు.

భయపడకండి, కుక్కపిల్లంత ఖర్చుండదు. తల్లిపాల అడ్డంకి ఉండదు కాబట్టి ప్రధాన టీకా ఒకటి రెండు డోసులతో అయిపోతుంది. లెప్టో రెండు, రేబీస్ ఒకటి. దీంతోపాటు పిడుదుల జ్వరం కోసం ఒక రక్తపరీక్ష చేయించండి. మొత్తం నాలుగైదు వేలు అనుకోండి.

## ఆరు నెలల నుంచి ఏడాది

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ నిజంగా "ముందు జాగ్రత్త" ఖర్చేనా? తప్పించుకోవచ్చు కదా.

ఆడకుక్కకైతే నా లెక్కలో టీకాల తర్వాత స్థానం దానిదే. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి వయసు మళ్ళాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. పయోమెట్రా అంటారు. అప్పుడు అదే గర్భసంచిని జ్వరంతో, నీరసంతో ఉన్న ముసలి కుక్కలోంచి అర్ధరాత్రి అత్యవసరంగా తీయాలి. ఖర్చు రెండింతలు మూడింతలు, ప్రాణానికి హామీ తక్కువ. పడుచుదనంలో చేయిస్తే ఆ బాధ ఉండదు, రొమ్ము గడ్డల ప్రమాదమూ తగ్గుతుంది.

వయసు విషయంలో అందరికీ ఒకే మాట కుదరదు. పిల్లులకి అయిదో నెలలోనే చేయించడం మేలు, ఎందుకంటే ఆ వయసుకే కడుపుతో ఉన్న పిల్లిపిల్లల్ని చూస్తుంటాం. చిన్న, మధ్యరకం కుక్కలకి ఆరు నెలల తర్వాత. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకి కీళ్ళు గట్టిపడాలని ఏడాది దాటేదాకా ఆగమంటారు. ధర అడిగేటప్పుడు "ఇందులో ముందు రక్తపరీక్ష, గ్యాస్ మత్తు, నొప్పి మందులు, మెడకి కట్టే కాలర్, కుట్లు విప్పే విజిట్ కలిసి ఉన్నాయా" అని అడగండి. అయిదు వేలన్నచోట ఇవన్నీ విడిగా కలిపితే తొమ్మిది అవుతుంది, ఎనిమిది వేలన్నచోట అన్నీ కలిసే ఉండొచ్చు.

ఒక్క ఈత వస్తే ఆరోగ్యానికి మంచిదంటారు?

దానికి ఏ ఆధారమూ లేదు. ఆరు పిల్లలకి నులిపురుగుల మందూ, మొదటి టీకా ఎవరు పెట్టుకుంటారో ముందు తేల్చుకోండి.

ఏడాది నిండాక వేసే టీకా మర్చిపోయినా పర్లేదా?

మర్చిపోవద్దు. చిన్నప్పటి కోర్సు ఎక్కడైనా పట్టకపోయి ఉంటే ఈ ఒక్క బూస్టరే దాన్ని సరిచేస్తుంది. ఈ మధ్య కొందరు డాక్టర్లు దీన్ని ఏడాది దాకా ఆపకుండా ఆరో నెలకే వేస్తున్నారు. అదీ మంచిదే.

## ఏటా అయ్యేవి

పెద్ద కుక్కకి ఏడాదికి ఎంత?

ఇరవై కిలోల కుక్కకి నేను వేసే లెక్క: కన్సల్టేషన్ రెండుసార్లు 600, వార్షిక టీకా 900, రేబీస్ 300, నులిపురుగుల మందు నాలుగుసార్లకి 480, రక్తపరీక్ష ఒకటి 1,200, పిడుదుల మందు నెలకి 700 చొప్పున 8,400. మొత్తం 11,880, అంటే నెలకి వెయ్యి రూపాయలకి దగ్గర.

ఆ ఆఖరి అంకెని ఇంకోసారి చూడండి. మొత్తంలో మూడింట రెండు వంతులకి పైగా పిడుదులకే పోతోంది. జనం బేరమాడేది టీకాల దగ్గర, డబ్బు పోయేది పిడుదుల దగ్గర. చలి పెద్దగా పడని, ఏడాదంతా గాలిలో తేమ ఉండే సముద్రపు ఒడ్డున పిడుదులకి సెలవు నెల అంటూ లేదు.

అన్ని టీకాలూ ప్రతి ఏడాదీ కావాలా?

అన్నీ అక్కర్లేదు. డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ టీకాలు మొదటి బూస్టర్ తర్వాత మూడేళ్ళకోసారి చాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. లెప్టో రక్షణ ఏడాదికే అయిపోతుంది కాబట్టి అది ఏటా తప్పదు. రేబీస్ మన దేశంలో ఏటా వేయించడమే రివాజు. చాలా క్లినిక్‌లలో కంబైన్డ్ టీకానే ఏటా వేస్తారు. దానివల్ల హాని అనను గానీ, లెప్టో ఒక్కటే విడిగా దొరుకుతుందా అని అడగడం మీ హక్కు. దొరికితే కొంత మిగులుతుంది. దొరకకపోతే కంబైన్డ్ వేయించుకోండి, లెప్టో మానేయకండి.

రేబీస్ టీకా ఉచితంగా ఎక్కడ వేస్తారు?

ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో. జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల) దినం, సెప్టెంబరు 28న ప్రపంచ రేబీస్ దినం. ఈ రెండు తేదీల చుట్టూ పశుసంవర్ధక శాఖ ఉచిత శిబిరాలు పెడుతుంటుంది. ముందురోజే మీ దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి టీకా వచ్చిందో లేదో కనుక్కోండి, పుస్తకం తీసుకెళ్ళి అందులోనే స్టిక్కర్ అంటించమనండి. క్యూలో కుక్కలు కరుచుకుంటాయి, మెడకి గట్టి బెల్టు తప్పనిసరి. పిల్లినైతే బుట్టలో పెట్టి పైన తువాలు కప్పండి. మిగతా రోజుల్లో కూడా ప్రభుత్వ ఆసుపత్రిలో కుక్కల్ని, పిల్లుల్ని చూస్తారు. "అక్కడ ఆవుల్నే చూస్తారు" అన్నది అపోహ.

రేబీస్ టీకా వేయించాం. ఇక కుక్క గీరినా మాకు ఇంజెక్షన్ అక్కర్లేదు కదా?

ఆ నిర్ణయం మీరు తీసుకోకండి. ముందు సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్ళ ధార కింద కడిగి, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గరి ప్రభుత్వాసుపత్రికో వెళ్ళి చూపించుకోండి. మనుషులకి అక్కడ ఆ టీకా ఉచితం. లక్షణాలు మొదలయ్యాక రేబీస్‌కి మందు లేదు.

మా పిల్లి ఫ్లాట్ దాటి బయటకి రాదు. దానికెందుకు?

ఫ్లాట్ దాటి రాని పిల్లి దగ్గరికి బల్లులూ, ఎలుకలూ, మన చెప్పులకంటిన మట్టీ వస్తాయి. పిల్లుల పార్వో లాంటి పాన్‌ల్యూకోపీనియా అలా చెప్పులమీద కూడా రాగలదు. పూర్తిగా ఇంటిపట్టునే ఉండే పిల్లికి ప్రధాన టీకా మూడేళ్ళకోసారి సరిపోతుందా అని డాక్టర్‌తో మాట్లాడవచ్చు. రేబీస్ మాత్రం వేయించండి, బెదిరిన వీధిపిల్లి బాల్కనీలోకి వస్తే చెప్పి రాదు. నులిపురుగుల మందు మూడు నెలలకోసారి. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన పచ్చి చేప ముక్కలు పెట్టే అలవాటుంటే మరీ మానొద్దు, లేదా చేప ఉడికించి పెట్టండి.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం, బోర్డింగ్‌లో పెడతాం. ఏం కావాలి?

టీకా పుస్తకం లేకుండా మంచి బోర్డింగ్‌వాళ్ళు తీసుకోరు. చాలామంది కెన్నెల్ కాఫ్ (కుక్కల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటే దగ్గు) టీకా కూడా అడుగుతారు. టీకా పనిచేయడానికి వ్యవధి కావాలి కాబట్టి డిసెంబరు చివరి వారంలోపే వేయించండి. పండగ ముందురోజు పరిగెత్తితే సర్టిఫికెట్ వస్తుంది, రక్షణ రాదు.

## పిడుదులు, వానలు

నెలనెలా మాత్రా, మెడమీద పోసే మందా, మూడు నెలలదా? ఏది చవక?

చీటీ మీద ధర చూసి తేల్చలేం. మెడమీద పోసే ఫిప్రోనిల్ మందు చవగ్గా కనిపిస్తుంది, కానీ పోయడానికి రెండు రోజుల ముందూ తర్వాతా స్నానం చేయించకూడదు. బీచ్‌కి తీసుకెళ్ళి వచ్చి వారానికి రెండుసార్లు షాంపూతో తోమేవాళ్ళకి అది త్వరగా పనిచేయడం మానేస్తుంది. అలాంటివాళ్ళకి నోటి మాత్ర నయం. ఫ్లూరలానర్ మాత్ర పన్నెండు వారాలు పనిచేస్తుంది. ఒక్కసారికి రెండు వేల పైన అయినా నెలకి భాగిస్తే మాసపు మాత్రకి దగ్గరే వస్తుంది. మూర్ఛలు వచ్చే కుక్క అయితే ఈ కుటుంబపు మాత్రలు వేసేముందు డాక్టర్‌కి తప్పక చెప్పాలి. మాత్ర మీద బరువు శ్రేణి ఉంటుంది. పెద్ద కుక్క మాత్ర కొని విరిచి రెండు చిన్న కుక్కలకి వేయడం ఆదాలా కనిపిస్తుంది గానీ మందు సమంగా పంచుకున్నట్టు కాదు.

మందు వేసినా మళ్ళీ మళ్ళీ ఎక్కడినుంచి వస్తున్నాయి?

మీ గోడలోంచి. మన దగ్గర కుక్కలకి పట్టే గోధుమరంగు పిడుదు రక్తం తాగాక కుక్క మీంచి దిగి, గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల్లో, పూలకుండీల కింద వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్క ఒంటిమీద కనిపించేవి మొత్తం మందలో కొన్నే. పగుళ్ళు సిమెంటుతో పూడ్పించడం, పరుపు వేడినీళ్ళలో ఉతకడం, పైనున్న ఫ్లాట్‌వాళ్ళ కుక్కకీ మందు వేయించేలా ఒప్పించడం, ఈ మూడూ మందు ఖర్చుని తగ్గిస్తాయి. మూడోదే కష్టం.

పశువులకి కొట్టే పిడుదుల మందు చాలా చవక. అది వాడొచ్చా?

కొలత తప్పితే కుక్కకి విషమవుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో అసలు వద్దు. కుక్కలకి వాడే పర్మెత్రిన్ మందులు కూడా పిల్లి ప్రాణం తీస్తాయి. కుక్కకి పోసిన రోజున పిల్లి దాన్ని నాకినా ప్రమాదమే.

పిడుదుల జ్వరం వస్తే ఎంతవుతుంది?

తొందరగా పట్టుకుంటే రక్తపరీక్షలు, నాలుగు వారాల డాక్సీసైక్లిన్, విజిట్లు కలిపి మూడు నాలుగు వేలు. ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం ఎక్కించాల్సొస్తే పదిహేను వేలు దాటొచ్చు. తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కులోంచి రక్తం కనబడితే మర్నాటి దాకా ఆగకండి.

తుఫాను రోజులకి ఏమైనా ముందే కొనుక్కోవాలా?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక నెల మందులు అదనంగా ఇంట్లో ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేని సంగతి విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు. లెప్టో టీకా గడువు ఆ నెలల్లో పడుతుంటే జులైకి జరుపుకోండి, తుఫాను వానలకి ముందే రక్షణ ఉంటుంది. టీకా పుస్తకం ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

## వయసు మళ్ళాక

ఏడేళ్ళు దాటాయి. ఏం మారుతుంది?

టీకాల ఖర్చు అంతే, పరీక్షల ఖర్చు పెరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు చూపించాలి, కిడ్నీ, లివర్, చక్కెర పరీక్షలు, మూత్ర పరీక్ష కలిపి ఒక్కోసారి రెండు వేలు పెట్టుకోండి. పిల్లులకి కిడ్నీ పరీక్ష ముఖ్యం, ఎందుకంటే నీళ్ళు ఎక్కువ తాగుతోందని మనం గమనించేసరికి ఆలస్యమవుతుంది. ఇంట్లో నెలకోసారి బరువు చూసి రాసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. పిల్లిని ఎత్తుకుని బరువు యంత్రం ఎక్కి, మీ బరువు తీసేయండి.

పళ్ళు శుభ్రం చేయించాలన్నారు, ఆరు వేలట. అవసరమా?

గార కట్టి చిగుళ్ళు వాచి ఉంటే అవసరమే. మత్తిచ్చి చేస్తారు కాబట్టి అంత అవుతుంది. చిన్నప్పటి నుంచి కుక్కలకి అమ్మే పేస్టుతో తోముతూ ఉంటే దీన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేయొచ్చు. మన పేస్టు వద్దు, కొన్నిట్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకి విషం.

## డబ్బు సర్దుబాటు

ఇన్సూరెన్స్ తీసుకుంటే ఇవన్నీ వస్తాయా?

సాధారణంగా టీకాలు, నులిపురుగుల మందు, పిడుదుల మందు, మామూలు ఆపరేషన్ రావు. జబ్బు, ప్రమాదం, ఆసుపత్రిలో చేర్చడం లాంటివాటికే పాలసీ. టీకాలు సమయానికి వేయించకపోతే ఆ రోగాలకి క్లెయిమ్ ఇవ్వని షరతులూ ఉంటాయి. నా ఉద్దేశంలో నెలకి వెయ్యి చొప్పున బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టుకుంటే ఏటేటా అయ్యేవి తీరతాయి. దాని పక్కన పదిహేను వేలు కదపకుండా ఉంచుకుంటే సగం ఆపదలు గట్టెక్కుతాయి.

బిల్లులో జీఎస్టీ వేశారు. సరైనదేనా?

జంతువుల వైద్యానికి క్లినిక్ తీసుకునే ఫీజు మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. కన్సల్టేషన్, ఆపరేషన్ ఫీజు మీద పన్ను కనిపిస్తే అడగండి. విడిగా కొన్న మందులు, తిండి, బెల్టులు, గ్రూమింగ్ మీద పన్ను మామూలే. అందుకే బిల్లు విడివిడిగా రాయించుకోవాలి.

ఇంటికొచ్చే డాక్టర్ అయితే ఎక్కువ తీసుకుంటారా?

ఒక్క ఇంటికైతే ఎక్కువే. కానీ ఒకే అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఇళ్ళవాళ్ళు ఒకే ఆదివారం పెట్టుకుంటే రాకపోకల ఛార్జీ పంచుకోవచ్చు, ఆటో ఖర్చూ తప్పుతుంది. టీకా ఐస్‌బాక్సులో తెచ్చారా లేదా చూడండి. క్లినిక్ అంటే వణికిపోయే పిల్లులకి ఇది డబ్బుతో సంబంధం లేకుండా మేలు.

1962కి ఫోన్ చేస్తే కుక్కకి వస్తారా?

1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు 2022లో మొదలయ్యాయి. ముఖ్యంగా పల్లెల్లో రైతుల పశువుల కోసం. భీమిలి, ఆనందపురం వైపు ఉండేవాళ్ళు అడిగి చూడొచ్చు. నగరం మధ్యలో కుక్క టీకాకి దానిమీద ఆధారపడి బడ్జెట్ వేయకండి. బరువైన కేసుకి వెళ్ళదగ్గ చోటు ఇంకోటుంది: విజయనగరం జిల్లా గరివిడిలో ప్రభుత్వ పశువైద్య కళాశాల.

మా వీధి కుక్కలు మూడిటికి తిండి పెడుతున్నాం. వాటికీ మేమే పెట్టాలా?

ముందు చెవి చూడండి. చెవి కొసన కోత ఉంటే జంతు జనన నియంత్రణ కార్యక్రమంలో ఆపరేషన్, రేబీస్ టీకా అయినట్టు గుర్తు. కోత లేకపోతే నగరపాలక సంస్థ జీవీఎంసీకి ఫిర్యాదు పెట్టండి, 2023 నాటి నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్నచోటే వదలాలి. మీ చేతినుంచి ఏటా రేబీస్ టీకా, మూడు నెలలకోసారి తిండిలో నులిపురుగుల మందు పెట్టగలిగితే చాలు. మూడిటికీ కలిపి ఏడాదికి రెండు మూడు వేలు. వీధిలోవాళ్ళు తలా వంద వేసుకుంటే ఎవరికీ బరువు కాదు.

చేతిలో డబ్బు తక్కువగా ఉంది. ఏది ఆపొచ్చు, ఏది ఆపకూడదు?

ఆపొచ్చు: మల్టీవిటమిన్ సిరప్‌లు, కాల్షియం సీసాలు (మంచి తిండి తినే పిల్లకి అక్కర్లేదు, పెద్ద జాతి పిల్లలకి ఎక్కువైతే ఎముకలకే చేటు), గ్రూమింగ్ ప్యాకేజీలు, సువాసన షాంపూలు, కరోనా కలిపిన ఖరీదైన టీకా, పళ్ళ శుభ్రం ఆర్నెల్ల వాయిదా. రేబీస్‌ని ప్రభుత్వ ఆసుపత్రికి మార్చుకోండి.

ఆపకూడనివి: పిల్లలకి పదహారు వారాల డోసు, రేబీస్, లెప్టో, నులిపురుగుల మందు, పిడుదుల మందు. ఆ నెల ఖరీదైన మాత్ర కొనలేకపోతే డాక్టర్‌కి ఆ మాటే చెప్పి చవకైన రకం రాయించుకోండి. చెప్పడానికి మొహమాటపడి మందు మానేసినవాళ్ళే రెండు నెలల తర్వాత పిడుదుల జ్వరంతో అదే క్లినిక్‌లో కనబడుతుంటారు.